ఐసు పెట్టరాదు

మా ల్యాబులో శాంపిల్స్ దించుకునే కిటికీ పక్కన గోడమీద ఒక కాగితం ఉండేది. "రక్తం ట్యూబులు తెచ్చే పెట్టెలో ఎట్టి పరిస్థితుల్లోనూ ఐసు పెట్టరాదు" అని నీలం స్కెచ్ పెన్నుతో లావుపాటి అక్షరాలు, కింద నా సంతకం. సంతకం పెట్టమని నన్నెవరూ అడగలేదు. నేనే ముచ్చటపడి పెట్టుకున్నాను.

ముచ్చటపడటానికి కారణం ఉంది. అంతకుముందు చలికాలంలో, ఊరి చివరనున్న రెండు కలెక్షన్ సెంటర్ల నుంచి వచ్చే రక్తంలో పొటాషియం ఉండాల్సినదానికంటే ఎక్కువ చూపిస్తూ వచ్చింది. మెషీన్ మీద అనుమానపడి ఇంజనీరును పిలిపించారు. మెషీన్ నిక్షేపంగా ఉంది. మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని అసలు సంగతి పట్టుకున్నది నేను. పెట్టెలో ట్యూబులకి ఆనించి ఐసు ప్యాకులు పెడుతున్నారు. రక్తం మరీ చల్లబడితే కణాల్లో ఉన్న పొటాషియం బయటికి వచ్చి పైనుండే సీరంలో కలిసిపోతుంది. మనిషి ఒంట్లో లేని ఎక్కువ కాగితం మీద కనిపిస్తుంది. ఐసు మానేయమన్నాను, అంకెలు దారికొచ్చాయి.

మా పెద్ద డాక్టరమ్మ వచ్చిన కొత్తలోనే ల్యాబులో ఒక పొరపాట్ల పుస్తకం పెట్టించారు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేశాం, ఈ మూడే గడులు. చేసిన మనిషి పేరు రాయకూడదని ఆవిడ గట్టి రూలు. "పేరు రాయడం మొదలుపెడితే రేపట్నుంచి తప్పులు రాయడం మానేస్తారు" అనేవారు. ఆ పుస్తకం రాసే పని నాకు అప్పగించారు. ఐసు సంగతి విని, నెలాఖరు మీటింగులో అందరిముందూ "పట్టుకుంటే ఇలా పట్టుకోవాలి" అన్నారు. ఆ ఒక్క మాటతో నా కళ్ళు నెత్తికెక్కాయి. ఇప్పుడు తెలుస్తోంది కానీ అప్పుడు తెలియలేదు.

ఇక మేనేజరు గారు వసారాలో ఒక బోర్డు పెట్టించారు. నెలకెన్ని పొరపాట్లో దానిమీద గీత గీసేవారు. పద్నాలుగు, తొమ్మిది, ఆరు, నాలుగు. గీత కిందికి దిగుతుంటే ఆయన మొహం వెలిగిపోయేది. బోర్డు ముందునుంచి వెళ్ళేటప్పుడు నేనూ నడక నెమ్మది చేసేదాన్ని. తగ్గింది తప్పులా, తప్పులు రాయడమా అన్న సంగతి ఆ గీతకి తెలియదు.

ఆ రెండు సెంటర్ల నుంచి పెట్టె తెచ్చేది మా అన్నయ్య. ఇంట్లో ఉండేది ముగ్గురం, అన్నయ్య, వదిన, నేను. అన్నయ్య ఇరవై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. ప్రెస్సు మూతపడ్డాక రెండేళ్ళు ఖాళీగా కూర్చుని, వదిన కుట్టుమిషన్‌కి నూనె వేస్తూ, పాత పేపర్లలో తప్పులు దిద్దుతూ కాలక్షేపం చేశాడు. నేనే డాక్టరమ్మని బతిమాలి ఈ పనిలో పెట్టించాను. మొదటిరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. వెనక సీటుకి ఆ తెల్లపెట్టెని పట్టీలతో కట్టి, గతుకులొస్తే స్కూటరు దిగి నడిపించేవాడు. పొద్దుపోయాక ఇంటికొచ్చి, "మీ అమ్మగారిని క్షేమంగా దింపానే చిన్నీ, కారులో కూడా అంత మర్యాద ఉండదు" అనేవాడు. పెట్టెని అమ్మగారనేవాడు. వదిన నవ్వి, "నన్నెక్కించుకుంటే మాత్రం ఒక్క గతుకూ వదలడు" అనేది.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. పదింటికే రోడ్డు చెప్పులేని కాలు పెట్టనిచ్చేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నయ్య కిటికీ దగ్గర పెట్టె దించి అక్కడే నిలబడ్డాడు. పెట్టె మీద తన తడి తువ్వాలు కప్పి ఉంది.

"చిన్నీ, ఒక మాట. మూత తీస్తే లోపల్నుంచి ఆవిరి కొట్టినట్టు కొడుతోందే. తొమ్మిదింటికి తీసిన రక్తం, రెండింటికి కానీ నీ చేతికి రావడం లేదు. ఆనకుండా, దూరంగా, ఒక్క ఐసు ప్యాకు పెడితేనో?"

చేతిలో ఇరవై పనులున్నాయి. అయినా అసలు కారణం అది కాదు. నా కాగితం పక్కనే నిలబడి నన్నే ఆ మాట అడుగుతున్నాడని ఒళ్ళు మండింది.

"గోడమీద ఏం రాసుందో చదివావా అన్నయ్యా? ప్రూఫులు దిద్దినవాడివి. ఎట్టి పరిస్థితుల్లోనూ అంటే ఏమిటి అర్థం?"

"అది చలికాలంలో రాసింది కదా అనీ..."

"రక్తానికి చలికాలం, ఎండాకాలం ఉండవు. చెప్పింది చెయ్యి. ఆ తడిబట్ట కూడా తీసెయ్, నీళ్ళు కారితే లేబుళ్ళు చెదిరిపోతాయి."

పక్కనున్న ఇద్దరు టెక్నీషియన్లు తలొంచుకుని నవ్వుకున్నారు. అన్నయ్య తువ్వాలు పిండుకుని భుజాన వేసుకున్నాడు. "సరే మేడం" అన్నాడు, సరదాగానే. ఆ తరువాత మళ్ళీ అడగలేదు. రక్తానికి చలికాలం, ఎండాకాలం ఉంటాయని నాకు చదువు చెప్పినవాళ్ళు చెప్పే ఉంటారు. నేను మరిచిపోయాను, మరిచిపోయిన సంగతి ఒప్పుకోవడానికి నామోషీ పడ్డాను.

రెండు వారాలు గడిచేసరికి మధ్యాహ్నం ట్రిప్పులో పొటాషియం తక్కువ రావడం మొదలైంది. మూడున్నర నుంచి అయిదు దాకా ఉండాల్సింది, మూడు పాయింట్ మూడు, మూడు పాయింట్ రెండు. డాక్టర్లు ఫోన్లు చేసి అడిగితే "ఎండలు కదండీ, చెమటల్లో ఉప్పులన్నీ పోతున్నాయి" అనేదాన్ని. వాళ్ళూ "అవునవును" అనేవారు. అంత నోటికి అందే కారణం దొరికాక ఇంకో కారణం ఎవరు వెతుకుతారు?

ఒక బుధవారం ఆ పెట్టెలో పదకొండు ట్యూబులొస్తే తొమ్మిదింటిలో పొటాషియం తక్కువుంది. పదకొండు మందిలో తొమ్మిది మందికి ఒకేరోజు ఒకే జబ్బు రాదు. నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలియలేదని ఇప్పుడు బుకాయించలేను. అంకె ముందే తెలిసిన కంట్రోలు శాంపిల్ పెట్టి చూశాను, మెషీన్ బాగుంది. రక్తం సెంటర్లోనే తిప్పి కణాలు విడదీయకుండా, ఆ వేడిలో అయిదు గంటలు ఉంచితే కణాలే సీరంలోని పొటాషియాన్ని లోపలికి లాగేసుకుంటాయి. ఐసు పెడితే ఎక్కువ చూపిస్తుంది, ఉక్కబెడితే తక్కువ చూపిస్తుంది. ఐసు ఆపమన్న మనిషి, దాని బదులు ఏం చేయాలో కూడా చెప్పాలి. నేను సగమే చెప్పి సంతకం పెట్టాను.

పొరపాట్ల పుస్తకం తీసి, తేదీ వేసి, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. "ఎందుకు జరిగింది" అన్న గడిలో నా కాగితం గురించి రాయాలి. నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ నెల బోర్డు మీద అంకె రెండు. డాక్టరమ్మ కంటి ఆపరేషన్ కోసం నెలరోజుల సెలవులో ఉన్నారు. ఆవిడొచ్చాక మాట్లాడి రాద్దాంలే అనుకుని తేదీ మీద అడ్డగీత కొట్టాను. తొమ్మిది రిపోర్టుల మీదా సంతకం చేసి పంపేశాను.

ఆ తొమ్మిదింటిలో ఒకటి ఒక రిటైరైన లెక్కల టీచరమ్మది. మూడు పాయింట్ సున్నా. ఆవిడ డాక్టరు పొటాషియం సిరప్పు రాశాడు. వారం తరువాత మళ్ళీ చేయిస్తే మూడు పాయింట్ మూడు వచ్చింది. సిరప్పు సరిపోలేదనుకుని మోతాదు రెట్టింపు చేశాడు. ఆ రెండో రిపోర్టు మీదా నా సంతకమే ఉంది. ఆవిడ వాడే బీపీ మాత్రకి పొటాషియాన్ని ఒంట్లోనే పట్టి ఉంచే గుణముంది. కిడ్నీలు కూడా అంతంతమాత్రం. పది రోజులకి కాళ్ళు చచ్చుబడి, మెట్ల దగ్గర కూలబడిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి గుండె నిమిషానికి ముప్ఫై నాలుగుసార్లు కొట్టుకుంటోంది. అక్కడ అప్పటికప్పుడు చూస్తే పొటాషియం ఏడు దాటి ఉంది.

ఆసుపత్రి నుంచి ఫోను మేనేజరు గారికి వచ్చింది. నన్నూ, అన్నయ్యనీ గదిలోకి పిలిచారు. ఆయన బల్లమీద టీచరమ్మ రెండు రిపోర్టులు, పొరపాట్ల పుస్తకం.

"మూడున్న మనిషికి సిరప్పు ఎంత తాగినా పదిహేడు రోజుల్లో ఏడెలా అవుతుందని అడుగుతున్నాడు ఆ డాక్టరు. మొదటి మూడే తప్పంటున్నాడు. మీరేమంటారు?" అని నన్ను అడిగారు.

"మెషీన్ బాగానే ఉంది సార్. అంతకుముందే... రక్తం వేడెక్కి ఉండొచ్చు."

"వేడెక్కడమేమిటి? ఎక్కడ? ఎవరి చేతిలో?"

నోరు తెరవబోయాను. నిజంగానే తెరవబోయానా అని అప్పట్నుంచి ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. ఈలోగా అన్నయ్య అందుకున్నాడు.

"నాదే సార్ పొరపాటు. రెండో సెంటరు దగ్గర కాగితాలు ఆలస్యమైతే పెట్టెని స్కూటరు మీదే ఎండలో వదిలేసి లోపల కూర్చున్నాను. చాలాసార్లు అలా చేశాను."

అబద్ధం. వదిన కుట్టుమిషన్ మీద ఎండపొడ పడితేనే లేచి పక్కకి జరిపే మనిషి. పెట్టె మోసిన ఏడాదిలో దాన్ని స్కూటరు మీద వదిలి అయిదు నిమిషాలు కూర్చోలేదు. అన్నయ్య నా వైపు చూడలేదు. మేనేజరు గారికి మాత్రం గుండెల మీది బరువు దిగిపోయింది.

"రాయండమ్మా" అని పుస్తకం నా ముందుకి తోశారు. నేను రాశాను. శాంపిల్స్ తెచ్చే మనిషి పెట్టెను ఎండలో ఉంచడం వల్ల.

"పేరు కూడా రాయండి."

"పేర్లు రాయకూడదని డాక్టరమ్మ గారు..."

"ఆవిడకి నేను చెప్పుకుంటాను. ఆసుపత్రికి కాపీ పంపాలి, మనిషి లేకుండా ఏం పంపను?"

నా చేత్తో మా అన్నయ్య పేరు రాశాను. ఆ పుస్తకంలో ఉన్న పేరు అదొక్కటే. అన్నయ్య వంగి చూశాడు, ప్రూఫు చూసినట్టే. "ఇంటిపేరు కూడా కావాలా సార్?" అని అడిగాడు. "అక్కర్లేదులే" అన్నారు మేనేజరు గారు. మా ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు. అన్నయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి పెట్టె లోపలా బయటా తుడిచి, పట్టీలు చుట్టి, స్కూటరు తాళం అప్పగించి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి వదిన మిషన్ ముందు కూర్చుని ఉంది కానీ తొక్కడం లేదు. అన్నయ్య ఇంట్లో లేడు.

"ఉద్యోగం పోయిందట. పెట్టె ఎండలో పెట్టాడట" అంది.

"అవును వదినా."

"పాతికేళ్ళ కాపురంలో ఆ మనిషి నాతో ఒక్క అబద్ధమాడలేదు. ఇవాళ ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. నువ్వు చెప్పు. మీ అన్నయ్య పెట్టె ఎండలో పెట్టాడా?"

"అతనే ఒప్పుకున్నాడు కదా వదినా" అన్నాను. అంతకంటే నీచమైన మాట నా నోటినుంచి అంతకుముందూ రాలేదు, ఆ తరువాతా రాలేదు. వదిన మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో ఇక మాట్లాడే వీలు లేకపోయింది.

ఆ రాత్రి అన్నయ్యని ఒంటరిగా పట్టుకుని అడిగాను. "ఎందుకలా చెప్పావు?"

"నీ మొహం పాలిపోయిందే చిన్నీ. చిన్నప్పుడు గాజుసీసా పగలగొట్టినప్పుడు కూడా అలాగే పాలిపోయింది. నాకు ఇంకో పని దొరుకుతుంది. నీకు ఆ పని తప్ప ఏమీ రాదు" అని నవ్వాడు. "మరి, ఆ వేడి సంగతి ఏదో చూస్తున్నావు కదా?"

"చూస్తున్నాను" అన్నాను. చూస్తూనే ఉన్నాను, ఏమీ చేయలేదు.

మర్నాడు అన్నయ్య ఆసుపత్రికి వెళ్ళి, శాంపిల్ తెచ్చింది తానేనని టీచరమ్మ మంచం దగ్గర చెప్పుకున్నాడట. వార్డులో నలుగురూ వింటుండగా ఆవిడ, "నలభై ఏళ్ళు లెక్కలు చెప్పాను. ఒక్క అంకె తప్పువేస్తే పిల్లల్ని బెంచీ ఎక్కించేదాన్ని. నువ్వు నా ప్రాణాన్ని తప్పులెక్క చేసి, పళ్ళు పట్టుకుని పలకరించడానికి వచ్చావా? సిగ్గులేదూ?" అని ఇంకా చాలా అందట. ఇవన్నీ వదిన చెప్పింది. అన్నయ్య నాకు చెప్పలేదు.

అన్నయ్య స్థానంలో ఒక కొత్త మనిషి వచ్చాడు. ఎండ సంగతి మేనేజరు గారు అతనికి నూరిపోశారు. స్కూటరు దిగగానే పెట్టెని చంటిబిడ్డలా ఎత్తుకుని నీడల వెంబడి నడిచేవాడు. అయినా మధ్యాహ్నం ట్రిప్పులో పొటాషియం తక్కువగానే వస్తోంది. ఒక్క పాయింటు కదల్లేదు. మూడు పాయింట్ రెండు, అంతకంటే తక్కువ వచ్చినవాళ్ళని మా ల్యాబుకే రమ్మని, మళ్ళీ రక్తం తీసి చూసేదాన్ని. అందరికీ బాగానే ఉండేది. "ట్యూబు సరిగ్గా నిండలేదండీ" అని అబద్ధం చెప్పి రెండో రిపోర్టు ఇచ్చేదాన్ని. మూడు పాయింట్ మూడు, మూడు పాయింట్ నాలుగు వచ్చినవాళ్ళని అలాగే వదిలేశాను. దొంగతనంగా మంచి చేస్తున్నానని నన్ను నేను నమ్మించుకున్న పన్నెండు రోజులు అవి. వాళ్ళలో ఎవరు ఏ గుమ్మంలో కూలబడ్డారోనని ఫోను మోగినప్పుడల్లా చేతిలో పని వదిలి వినేదాన్ని.

డాక్టరమ్మ నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చారు. వచ్చీరాగానే పొరపాట్ల పుస్తకం అడిగారు. పేజీ మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివి, ఒక గడి మీద వేలు పెట్టారు.

"ఇది మీ అన్నయ్య పేరు కదూ?"

"అవును మేడం."

"అక్షరాలు మీవి."

"అవును."

"ఆయన వెళ్ళి పన్నెండు రోజులైంది. మధ్యాహ్నం ట్రిప్పు సగటు ఇప్పుడెంత?"

"మూడు పాయింట్ నాలుగు మేడం."

"ఆయన ఉన్నప్పుడు?"

"మూడు పాయింట్ నాలుగు."

"అంటే మనిషిని మార్చేసి తప్పుని అలాగే అట్టిపెట్టుకున్నాం" అన్నారావిడ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

అప్పుడు చెప్పాను. అన్నయ్య ఐసు గురించి అడగడం, నేను కసురుకోవడం, తడిబట్ట తీయించడం, ఆ బుధవారం పుస్తకంలో తేదీ వేసి కొట్టేయడం, అన్నీ. ఆవిడ అద్దాలు తీశారు. కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి. "చెప్పడం కాదు, చూపించండి. రేపు పొద్దున మీ రక్తమే తీద్దాం" అన్నారు.

మర్నాడు తొమ్మిదింటికి ఆవిడే నా చేతికి రబ్బరుపట్టీ కట్టి మూడు ట్యూబుల రక్తం తీశారు. ఒకదాన్ని అప్పటికప్పుడు మెషీన్‌లో గిరగిరా తిప్పి సీరం వేరు చేశాం. ఒకదాన్ని ఫ్రిజ్‌లో పెట్టాం. మూడోదాన్ని కొత్త మనిషికిచ్చి, పెట్టెలో పెట్టుకుని రెండు సెంటర్లూ తిరిగి రమ్మన్నాం. మధ్యాహ్నం రెండు గంటలకి మూడు ట్యూబులూ ఒకేసారి చూశాం. మొదటిది నాలుగు పాయింట్ ఒకటి. ఫ్రిజ్‌లోది నాలుగు పాయింట్ తొమ్మిది. పెట్టెలోది మూడు పాయింట్ మూడు. ఒకే మనిషి, ఒకే పొద్దు, ఒకే సూది. నీడల వెంబడి జాగ్రత్తగా తెచ్చిన ట్యూబే అది. మా అన్నయ్య ఎంత జాగ్రత్తపడినా ఆ అంకె మారేది కాదని నా రక్తమే సాక్ష్యం చెప్పింది.

"సెంటర్లలోనే రక్తం తిప్పి సీరం వేరుచేయాలి. చిన్న మెషీన్లు చాలు. పెట్టెలో థర్మామీటరు ఉండాలి. ఇది చలికాలంలోనే నాకు తట్టాల్సింది. ఆ కాగితం మీద సంతకం మీదే కావచ్చు, దాన్ని మెచ్చుకున్నది నేను" అన్నారు డాక్టరమ్మ. నా తప్పులో ఆవిడ వాటా తీసుకున్నారు. నాకు తలకొట్టేసినట్టయింది.

ఆ మధ్యాహ్నం నుంచి ఇద్దరం ఫోన్ల దగ్గర కూర్చున్నాం. ఎండలు మొదలైనప్పట్నుంచి ఆ పెట్టెలో వచ్చిన రిపోర్టులన్నీ తీసి, తక్కువ చూపించిన ప్రతి మనిషి డాక్టరుకీ ఫోను చేసి, "మా రిపోర్టు తప్పు కావచ్చు, మళ్ళీ చూడండి" అని చెప్పాం. కొందరు తిట్టారు. ఇద్దరు పేషెంట్లు అప్పటికే సిరప్పు తాగుతున్నారు. ఇద్దరి చేతా మాన్పించారు. ఒకాయనకి అప్పటికే అయిదు దాటిపోయింది. ఇంకో వారం ఆగి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ ఆలోచిస్తాను. పొరపాట్ల పుస్తకంలో అన్నయ్య పేరున్న పేజీ కింద, జరిగింది జరిగినట్టు, నా కాగితంతో సహా రాశాను. మేనేజరు గారి బోర్డు మీద గీత ఒక్కసారిగా పైకి లేచింది. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, అన్నయ్యని తిరిగి పనిలోకి రమ్మని డాక్టరమ్మ ఆయన చేతనే కాగితం రాయించారు.

ఆ కాగితం తీసుకుని ఇంటికి వెళ్తే అన్నయ్య లేడు. బయట మొదటి వాన పడి అప్పుడే వెలిసింది.

"ఎక్కడికెళ్ళాడు వదినా?"

"నీకు తెలియదా? రోజూ ఈ వేళకి ఆ టీచరమ్మ ఇంటికి వెళ్తాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడకి ఒక్కతే నడవాలంటే భయమట. చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి తీసుకొస్తాడు" అంది. కాగితం చదివింది. నేను చెప్పిందంతా విన్నది. "నాకు చెప్పడం ఎందుకు, వెళ్ళి ఆవిడకి చెప్పు" అని లోపలికి వెళ్ళిపోయింది.

టీచరమ్మది రెండు గదుల ఇల్లు, ముందు చిన్న గేటు. ఆవిడ వరండాలో కుర్చీలో కూర్చుని చెప్పులు వేసుకుంటోంది. అన్నయ్య పక్కనే చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి అతని మొహం మారిపోయింది.

"మా చెల్లెలండీ" అన్నాడు.

"నీ చెల్లెలా? రా అమ్మా, రా. మీ అన్నయ్యని నేను అనరాని మాటలన్నాను. ఎంత మంచి మనిషో తరువాత కానీ తెలియలేదు. ఆ పొరపాటు మరిచిపోయానని రోజూ చెప్తూనే ఉన్నాను."

"అది అన్నయ్య పొరపాటు కాదండీ" అన్నాను. అక్కడే, మెట్టుమీద నిలబడే, మొత్తం చెప్పాను. ఆ బుధవారం పదకొండు ట్యూబుల్లో తొమ్మిది తక్కువొచ్చినప్పుడే అనుమానం వచ్చిందని, తెలిసీ రిపోర్టు మీద సంతకం పెట్టానని చెప్పాను. ఆవిడ ఒక చెప్పు వేసుకుని రెండోది వేసుకోకుండా విన్నది.

"మొదటి రిపోర్టు అప్పుడే తెలుసా?"

"తెలుసండీ."

ఆవిడ అన్నయ్య వైపు తిరిగింది. "మరి ఆసుపత్రిలో నేనన్ని మాటలంటుంటే నోరెత్తలేదేం? తప్పు నీది కానప్పుడు ఇన్నాళ్ళూ ఎందుకొచ్చావు?"

"మీరు నడవాలి కదండీ" అన్నాడు అన్నయ్య.

టీచరమ్మ రెండో చెప్పు వేసుకుంది. నేను కాగితం తీసి అన్నయ్య చేతిలో పెట్టాను. డాక్టరమ్మ రమ్మంటున్నారని, రేపట్నుంచే చేరవచ్చని చెప్పాను. అన్నయ్య చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతోషమో కాదో తెలియలేదు. పని అయ్యేసరికి పొద్దుపోతుందని, సాయంత్రాలు కుదరదని ముగ్గురికీ తెలుసు.

"సాయంత్రాలు నేనొస్తానండీ. రోజూ వస్తాను" అన్నాను.

టీచరమ్మ నా చేతుల వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపముంటే బాగుండుననిపించింది.

"నిజం చెప్పావు, సంతోషం. కానీ వద్దమ్మా. నీ చెయ్యి పట్టుకుని నడిచే ధైర్యం నాకు లేదు."

అన్నయ్య ఏమైనా అంటాడేమోనని చూశాను. ఎప్పుడూ నా తరఫున ఏదో ఒకటి అనేవాడు. ఆవిడకి కర్ర అందించి, చెయ్యి పట్టుకుని, "చూసి అడుగు వెయ్యండి, తడిగా ఉంది" అన్నాడు. వాళ్ళు వెళ్ళడానికి వీలుగా నేను మెట్టుమీంచి పక్కకి జరిగాను.